ప్రశస్తి – పొలిమేర

సంఘం అన్నది ఏర్పడిన ప్రతిచోటా సభ్యుల పట్టిక ఒకటి ఉంటుంది. కొన్నేండ్లు గడిచేసరికి ఆ సంఘానికి పేర్ల పట్టిక చాలదనిపిస్తుంది. దశమ వార్షికోత్సవమో, రజతోత్సవమో వస్తుంది; స్మారక సంచిక వేయాలన్న సంకల్పం కలుగుతుంది. అధ్యక్షుల వారి సందేశం, జమాఖర్చుల వివరం, వ్యాపార ప్రకటనలు పోగా సంచికలో మిగిలే పుటలు సభ్యుల పరిచయాలవే. వాటిని నింపడమే కార్యదర్శికి అసలు పరీక్ష. ఇన్నూరు మంది సభ్యులుంటే ఇన్నూరు పరిచయాలు వ్రాయాలి. వ్రాసేవాడు ఒక్కడు, అతనికి జీతం లేదు, అచ్చుకు ఇవ్వవలసిన తేదీ మాత్రం నెత్తిమీద ఉంటుంది.

ఈ కష్టానికి ఇటీవల ఒక తరుణోపాయం దొరికినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైనది మొదలు, మాటలు కూర్చి వ్యాసాలల్లే కృత్రిమ మేధ సామాన్యుని చేతిలోని ఫోనులోకి వచ్చి చేరినది. పేరు, ఉద్యోగం, విరమించిన సంవత్సరం అందించి ఆకర్షణీయమైన పరిచయం వ్రాసిపెట్టమంటే చాలు. రెప్పపాటులో నిండు పేరా సిద్ధం. తెలుగులో కావాలంటే తెలుగులోనే ఇస్తుంది. దీనిని వాడుకొనవచ్చునా, కూడదా అన్నది నేడు చిన్న సంఘాల ముందున్న ప్రశ్న. ప్రశ్న చిన్నదిగానే కనబడుతున్నది. దాని వెనుక ఉన్న విషయం మాత్రం చిన్నది కాదు.

విశాఖపట్నం శివారున ఉన్న కూర్మన్నపాలెం సంగతి చూస్తే ఈ మాట తేటపడుతుంది. జాతీయ రహదారిపై గాజువాకకూ అగనంపూడికీ నడుమ, ఉక్కు కర్మాగారానికి దారి చీలే కూడలి అది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఆంధ్రదేశం అట్టుడికినట్లు ఉడికినది; ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధి శంకుస్థాపన చేశారు. 1990లో 'గోదావరి' అని పేరిడిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రగిలినది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దానికోసం అరవైకి పైగా గ్రామాలవారు భూములు వదులుకొన్నారు. నిర్వాసితులైన కుటుంబాలకు పునరావాస కార్డు లభించినది. వాడుకలో దానినే 'ఆర్ కార్డు' అంటారు. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీలు వెలసినవి. కొలువుల కోసం శ్రీకాకుళం నుంచీ, గోదావరి మండలాల నుంచీ, రాయలసీమ నుంచీ, ఒడిశా, బెంగాలు, బీహారుల నుంచీ జనం వచ్చి చేరారు.

ఇట్టి చోట సంఘాలకు కొదువ ఉండదు. నిర్వాసితుల సంఘాలు, కార్మిక సంఘాలు, విశ్రాంత ఉద్యోగుల సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, కుల సంఘాలు, మహిళల పొదుపు సంఘాలు, భజన మండళ్ళు, తెల్లవారుజామున కలిసి నడిచేవారి బృందాలు – మనిషికి ఊరు పోయినప్పుడు సంఘమే ఊరవుతుంది. కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయరాదని 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో శిబిరం వేసి రిలే నిరాహారదీక్షలు సాగించినదీ ఈ సంఘాల బలంతోనే. అటువంటి సంఘం తన సభ్యుని గురించి అచ్చువేసే నాలుగు వాక్యాలు, ఆ సభ్యుని గురించి ఎన్నటికైనా అచ్చయ్యే మొదటి వాక్యాలు కావచ్చు. చాలామంది విషయంలో చివరివి కూడా అవే.

కనుక యంత్రం చేసే మేలును ముందుగా ఒప్పుకోవడం న్యాయం. పూర్వపు సంచికలు తిరగవేస్తే కనబడేదేమి? అధ్యక్షులకు ఛాయాచిత్రంతో సహా రెండు పుటలు. దాతలకు ఒక పుట. సామాన్య సభ్యునికి పేరు, తలుపు నంబరు. చక్కగా వ్రాయగల మేనల్లుడో, తెలిసిన పంతులుగారో ఉన్నవారికి మంచి పరిచయం దక్కేది. లేనివారికి దక్కేది కాదు. ఇప్పుడు క్రేన్ నడిపినవానికీ, క్యాంటీనులో వండినవానికీ, ఇంజనీరుకూ సరిసమానంగా ఒక్కొక్క పేరా ఇవ్వగల సాధనం వచ్చినది. కార్యదర్శి వ్రాయలేక వదలివేసిన వందమందికి సంచికలో చోటు దొరికే అవకాశం కలిగినది. దీనిని వెక్కిరించి పంపివేయడం, కలం పట్టినవారు తమ పెత్తనం పోతున్నదన్న ఉక్రోషంతో చేసే పని అవుతుంది.

అయితే ఆ పేరాలో ఏమున్నదో చదవవలసిన బాధ్యత మాత్రం మనది. ఈ యంత్రం పనిచేసే తీరు రహస్యమేమీ కాదు. అది లెక్కకు మిక్కిలి వ్రాతలను ముందుగా జీర్ణించుకొని, ఒక మాట వెనుక ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో అంచనా కట్టుకొంటూ పేర్చుకొనిపోతుంది. పదిమంది పదిచోట్ల వాడిన మాటే దానికి ముందుగా తోస్తుంది. ఒక్కనికే చెందిన విశేషం, ఎవరో చెప్పితే తప్ప, దానికి తట్టదు.

కోక్ ఓవెన్ విభాగంలో ముప్ఫై ఏండ్లు చాకిరీచేసి విరమించిన సభ్యుడొకరు ఉన్నారనుకుందాం. ఈ ఒక్క ముక్క అందిస్తే యంత్రం ఇచ్చే పరిచయం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆయన అంకితభావానికి మారుపేరు, నిరాడంబరుడు, చెరగని చిరునవ్వుతో అందరినీ ఆకట్టుకొన్న స్నేహశీలి, నేటి తరానికి స్ఫూర్తిప్రదాత. ఇందులో నింద లేదు, దోషం లేదు. చదివిన సభ్యుడు సంతోషించనూ వచ్చు. కాని ఆయన పేరు కొట్టివేసి ప్రక్క పుటలోని ఉపాధ్యాయుని పేరు వేసి చదవండి – ఒక్క మాటైనా తప్పు పడదు. మరొక పేరు వేసినా పడదు. ఎవరికి తొడిగినా సరిపోయే చొక్కా ఎవరి కొలతలతోనూ కుట్టినది కాదు గదా!

ఇంతకూ ఆయన పనిచేసిన చోటు సామాన్యమైనదా? ఏడు మీటర్ల ఎత్తున్న కోక్ ఓవెన్లు, ఎర్రగా కాలిన కోకును నీళ్ళు చల్లి గాక నత్రజని వంటి వాయువును పంపి చల్లార్చే పద్ధతి విశాఖ ఉక్కుకు పేరు తెచ్చిన విశేషాలు. ఆ వేడి ముందర నిలుచున్న మనిషి మొదటి దినాన ఏమనుకొన్నాడు, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పగలు ఎలా నిద్రపోయాడు, ఆ పని మెలకువలు ఎవరి దగ్గర నేర్చాడు, ఎవరికి నేర్పాడు – పరిచయం అంటే ఇది. దీనిని ఆ సభ్యుడు తప్ప మరెవరూ చెప్పలేరు. అడిగేవారుంటే తప్ప ఆయనా చెప్పడు.

మరొక చిక్కు ఇంతకన్న పెద్దది. విషయం తక్కువై, నింపవలసిన చోటు ఎక్కువైనప్పుడు యంత్రం లేనిది కల్పించి చెప్పవచ్చు. అందని పురస్కారాన్ని అందిస్తుంది. చదవని కళాశాలలో చదివిస్తుంది. మొక్కల పెంపకం మీద ప్రీతి అంటగడుతుంది. అబద్ధమాడాలన్న దుర్బుద్ధి దానికి లేదు; నిజానికీ, నిజం వలె వినిపించేదానికీ మధ్యనున్న గీత దానికి కనబడదు, అంతే. అచ్చయిన అబద్ధానికి ఆయువెక్కువ. ముప్ఫై ఏండ్ల తరువాత మనుమడు దానినే ప్రమాణంగా చూపుతాడు. రేపటి యంత్రం ఈనాటి సంచికను చదివి, ఆ కల్పననే తిరిగి నిజంగా వడ్డిస్తుంది.

పొగడ్తతో పుటలు నింపడం మాత్రం యంత్రం కనిపెట్టిన విద్య కాదు. తెలుగువారికి అది వెయ్యేండ్ల పాత అలవాటు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో మొదట రాజుగారి వంశప్రశస్తి సంస్కృతంలో దీర్ఘసమాసాలతో సాగుతుంది. తరువాత దానం పొందినవాని పరిచయం, ఆపైన ఇచ్చిన నేల పొలిమేరలు – తూర్పున ఏ ఊరు, దక్షిణాన ఏ చెరువు, పడమట ఏ చెట్టు అని. ఆ పొలిమేరలు చెప్పేచోటికి వచ్చేసరికి ఊళ్ళ పేర్లు, నాటి తెలుగు మాటలు సంస్కృతం నడుమ తలలెత్తుతవి. ప్రశస్తిలోని విశేషణాలలో ఒకరివి మరొకరికి మార్చినా చెల్లిపోయేవి చాలా ఉన్నవి. పొలిమేర మార్చితే మాత్రం దానమే చెల్లదు. భాషా చరిత్ర వ్రాసేవారు నేడు ఆ పొలిమేరలనే పదే పదే తడుముకొంటున్నారు.

ప్రశస్తి అంతా వ్యర్థమని దీని భావం కాదు. 1053 నాటి నందంపూడి శాసనం రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు చేసిన దానాన్ని తెలుపుతుంది. దానిని రచించినది నన్నయభట్టు. మహాభారత రచనలో తనకు తోడ్పడిన ఆ నారాయణభట్టునే నన్నయ అందులో పరిచయం చేశాడు. గొప్ప పండితుడు అని ఊరుకోలేదు; సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం – ఈ భాషలలో కవిత్వం చెప్పగలవాడని పేరు పేరున లెక్క చెప్పాడు. ఎరిగినవాడు ఎరిగినవానిని గురించి వ్రాసినందున ఆ పొగడ్తకు కూడా పొలిమేర ఏర్పడినది. మంచి పరిచయానికి లక్షణం ఇదే: మెచ్చుకొన్నా సరే, ఆ మెప్పు ఇక్కడినుంచి ఇక్కడివరకు అని చూపగలగాలి.

విశాఖ ప్రక్కనే సింహాచలం ఉన్నది. 11వ శతాబ్దం చివరి నుంచి ఆ దేవాలయపు గోడల మీద, స్తంభాల మీద వందలాది శాసనాలు చెక్కారు. శ్రీకృష్ణదేవరాయలవంటి చక్రవర్తివి ఉన్నవి. అఖండదీపానికి ఆవులనో, మాడలనో సమర్పించుకొన్న చిన్నవారివీ ఉన్నవి. ఎవరు, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఎన్ని ఇచ్చారు, ఏ నాడు ఇచ్చారు – ఇంతే అక్కడి పరిచయం. విశేషణం ఒక్కటి లేకపోయినా ఆ మనిషి ఇన్ని వందల ఏండ్లుగా రాతి మీద నిలిచి ఉన్నాడు.

సముద్రం దాటిన తెలుగువారి కథ ఇంకా కంట తడిపెట్టించేది. 19వ శతాబ్దంలో విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి కూలి ఒప్పందం మీద మారిషస్ వెళ్ళినవారి పేర్లను అక్కడి ప్రభుత్వం పుస్తకాల కెక్కించినది. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, స్వస్థలం, ఒంటిమీది గుర్తు. ముందుకు పోయినకొద్దీ కొందరి ఛాయాచిత్రం కూడా. ఆ పుస్తకాలు మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నవి. వ్రాసిన గుమాస్తాకు ఆ మనుష్యుల మీద ప్రేమ లేదు. చెరకు తోటలకు ఎన్ని చేతులు వచ్చినవన్నదే అతని లెక్క. అయినా తమ ముత్తాత ఏ తాలూకావాడో తెలుసుకోవాలనుకొన్న వారసులకు నేడు ఆసరా ఆ పొడి వివరాలే. ప్రేమలేని గుమాస్తా వ్రాత ఇంత ఉపకారం చేయగా, ప్రేమతో పెట్టుకొన్న సంఘం అచ్చువేసిన సంచిక అంతకన్న తక్కువ చేయడం ఎంత వింత!

సముద్రం దాటవలసిన పని లేకుండానే కూర్మన్నపాలెం చుట్టుప్రక్కల జనం ఊరు దాటారు. ఊరు ఖాళీ చేసిననాడు ఇరవై ఏండ్ల యువకుడు నేడు వృద్ధుడు. ఆయన ఎరిగిన చెరువుగట్టు, మామిడితోట, గ్రామదేవత గుడి, ఎవరి కళ్ళం ఎక్కడ ఉండేదన్న ఎరుక – ఇవి ఆయన నోట తప్ప మరెక్కడా లేని సంగతులు కావచ్చు. 1980లలో కొలువులో చేరి ఆ కర్మాగారాన్ని నిలబెట్టిన తరమూ పదవీ విరమణ చేసినది. ఏటా సంచికల చివర సంతాప పుటలు పెరుగుతున్నవి. ఇట్టి సమయంలో ఆయన పరిచయాన్ని అంకితభావానికి మారుపేరు అన్న ముక్కతో ముగించి పుట నింపితే, పని పూర్తి అయినట్టు కనబడుతుంది. ఇక ఎవరూ ఆయన దగ్గరకు పోయి అడగరు. ఖాళీ పుట అయితే ఎవరినైనా అడగడానికి పురికొల్పేది. నిండినట్టు కనబడే పుట ఆ అవసరాన్నే చెరిపివేస్తుంది. యంత్రంతో వచ్చే అసలు నష్టం ఇదే.

స్త్రీల విషయంలో ఈ నష్టం రెట్టింపు. సభ్యుల పరిచయాలలో ఇల్లాలికి సామాన్యంగా దక్కేది భర్త పేరు వెనుక ఒక 'శ్రీమతి'. యంత్రానికి కూడా ఆ పాటి వివరమే అందితే, ఆదర్శ గృహిణి అని తేల్చివేస్తుంది. క్రొత్త కాలనీలో నీళ్ళు లేని దినాలలో బిందెలతో ఎంత దూరం నడిచినదీ, షిఫ్టులవారీగా మూడు వేళల వంట ఎలా నెట్టుకొచ్చినదీ, పొదుపు సంఘం పద్దు ఎన్నేండ్లు మోసినదీ అడిగితే, అదే ఆ కాలనీ చరిత్రలో మొదటి అధ్యాయం అవుతుంది.

భాష సంగతి కూడా ఉన్నది. ఉత్తరాంధ్ర పలుకుబడికి తనదైన విరుపూ, వేగమూ ఉన్నవి. యంత్రం సభ్యుని మాటను సర్ది, తీర్చి, పత్రికల భాషలోకి మార్చివేస్తుంది. ఆ సర్దుబాటులో మనిషి గొంతు పోతుంది. వాడుక భాషకు పట్టం కట్టాలని జీవితకాలం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఈ ప్రాంతపు వారే. 1863లో పుట్టి 1940లో గతించిన ఆ మహనీయుడు సవరల నడుమ కూర్చుండి, వారి నోటి మాట విని, నేర్చి, వారి భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ముందు వినడం, తరువాత వ్రాయడం అన్నదే ఆయన పద్ధతి. వినకుండా వ్రాయగల సాధనం చేతికి వచ్చిన ఈ దినాలలో ఆ పద్ధతి ముందెన్నటికన్న అవసరం.

అయితే సంఘాలు చేయవలసినదేమి? యంత్రాన్ని వెలివేయనక్కర లేదు. దాని స్థానాన్ని నిర్ణయిస్తే చాలు. మొదటి పని మనుష్యులది. సభ్యుని ఇంటికి ఒకరు పోవాలి. కాలనీలోని కళాశాల విద్యార్థులు ఇద్దరేసి చొప్పున పోయినా చాలును. ఉద్యోగం ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. ఊరు విడిచిన దినాన ఇంటినుంచి ఏమి తెచ్చుకొన్నారని అడిగితే అరగంట పడుతుంది. ఆ అరగంటలోనే పరిచయం ఉన్నది. దానిని సభ్యుని అనుమతితో ఫోనులో రికార్డు చేసుకోవచ్చు.

ఆ తరువాతి పనికి యంత్రాన్ని పిలవవచ్చు. రికార్డు అయిన మాటలను అక్షరాలలో పెట్టడం, గంట సంభాషణను నూటయాభై మాటలకు కుదించడం, తేదీలు వరుసలో పేర్చడం, తెలుగు చదవలేని మనుమల కోసం ఇంగ్లీషు చేయడం – వీటిలో అది కార్యదర్శికి కుడిభుజం కాగలదు. అందించిన వివరాలు దాటి ఒక్క మాట కలపవద్దని దానికి స్పష్టంగా చెప్పాలి; చెప్పినా కలిపినదేమోనని తిరిగి చూచుకోవాలి. సభ్యుడు స్వయంగా పలికిన వాక్యం ఒక్కటైనా, ఆయన యాసతోనే, పరిచయంలో నిలపాలి. సిద్ధమైనదానిని అచ్చుకు ముందు సభ్యునికి చదివి వినిపించి, ఆయన ఔనన్న తరువాతనే అచ్చువేయాలి. దివంగతుల విషయమైతే కుటుంబంలోని పెద్దలకు వినిపించాలి.

గోప్యత మాట మరువరాదు. వ్యక్తుల డిజిటల్ సమాచారానికి రక్షణగా 2023లో పార్లమెంటు చట్టం చేసినది. సమ్మతి ఆ చట్టానికి మూలసూత్రాలలో ఒకటి. ఆర్ కార్డు నంబరు, ఆధారు నంబరు, ఫోను, రోగాల వివరం, కుటుంబ కలహాలు – ఇవి పరాయి సంస్థల యంత్రానికి అప్పగించవలసినవి కావు. పరిచయానికి వాటి అవసరమూ లేదు.

ఇన్ని జాగ్రత్తలకు తీరిక ఎక్కడిదని కార్యదర్శులు అడగవచ్చు. అడగడం న్యాయమే. కాని యంత్రం మిగిల్చిన కాలం దేనికి? వ్రాతకు పట్టే పది గంటలు అది ఒక గంటకు దించితే, మిగిలిన తొమ్మిది గంటలు వినడానికి వెచ్చించవచ్చు. ఈ సంవత్సరం ఇన్నూరు మందికి వీలుకాకపోతే, ఎనభై ఏండ్లు దాటినవారు ఇరువదిమందితో మొదలుపెట్టవచ్చు. పాఠకుని ఆకట్టుకొనేదీ ఈ విధంగా వ్రాసిన పరిచయమే. విశేషణాల దండ చదివి ఎవరూ ప్రక్కవానికి చదివి వినిపించరు. ఊరు ఖాళీ చేస్తూ గుమ్మపు చెక్కను ఊడదీసి బండిమీద వేసుకొని వచ్చాడన్న వాక్యాన్ని మాత్రం చదివినవారు మరిచిపోరు.

కూర్మన్నపాలెం పేరులోనే ఒక కూర్మన్న ఉన్నాడు. శ్రీకూర్మనాథుని తలచి బిడ్డలకు పెట్టుకొనే ఉత్తరాంధ్రపు పేరు అది. ప్రతిదినం బస్సు కండక్టర్లు పిలిచే పిలుపులో, దుకాణాల బోర్డులలో, వేలమంది చిరునామాలలో ఆ పేరు వినబడుతూనే ఉన్నది. ఆ కూర్మన్న ఎవరు, ఏమి చేసేవాడు, ఆ పాలెం ఆయన పేర ఎందుకు నిలిచినది అని అడిగితే, బస్సు దిగేవారిలో ఎందరు చెప్పగలరు? ఆయనను పొగడేవారు ఆనాడు ఉండకపోరు. కొరవడినది అడిగి వ్రాసుకొన్నవారు. ఆయన విషయంలో గడిచిపోయిన కాలం తిరిగి రాదు. ఆ పాలెంలోనే నేడు అరుగుమీద కూర్చున్న పెద్దల విషయంలో మాత్రం ఇంకా కొంత కాలం మిగిలి ఉన్నది. ప్రశస్తి వ్రాయడానికి యంత్రం సిద్ధంగా ఉన్నది. పొలిమేర తిరిగి రావడానికి మనిషే లేవాలి.